జీపు ఏడుపు, బావ చెవులు

మా బావ జీపు గురించి నేను చెప్పిన అబద్ధాలు జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్ళున్న ప్రతి బస్తీలోనూ తిరిగాయి. యుద్ధంలో అది బర్మా నుంచి డ్రైవరు లేకుండా ఒంటరిగా వచ్చేసిందని చెప్పాను. దాని బానెట్లో జపాన్ వాడి తూటా ఒకటి ఇంకా దొర్లుతోందని, గతుకుల్లో గలగలమనేది అదేనని చెప్పాను. ఖర్కాయి వరదలో ఈదిందని చెప్పినప్పుడు మాత్రం మా సంఘం పాస్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "జీపు మీదే కదా అని ఊరుకుంటున్నాను. మనుషుల జోలికి రాకు" అన్నారు. అందుకని ఇప్పుడు చెప్పబోయేది ఎవరూ నమ్మక్కర్లేదు. ఇందులో జీపు కంటే మనుషులే ఎక్కువ.

యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న జీపుల్లో అదొకటి. అరవైల మొదట్లో బావ చేతికి వచ్చేసరికే ముసలిదైపోయింది. బావ అంటే మా అక్క భర్త. విజయనగరం వైపు నుంచి మా రెండు కుటుంబాలూ ఒకే రైల్లో వచ్చి ఇక్కడ దిగాయి. ఆయన ఊరి చివర ఒక చిన్న రేకుల కార్ఖానాలో క్రేన్ నడిపేవాడు. కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేన్ అది. దాని గూట్లో కూర్చుంటే కిందివాళ్ళ నెత్తులూ చేతులూ తప్ప ఏమీ కనిపించవు. నేను జుగ్సలాయిలో గోదాముల వెనక ఒక మోటారు గారేజీలో ఫిట్టర్ని. అక్కా బావా సిద్ధగోరాలో కార్ఖానా ఇచ్చిన ఇంట్లో ఉండేవారు. ఆదివారాలు నా భోజనం అక్కడే.

జీపు మీద చెయ్యి వేసే హక్కు బావకి తప్ప ఎవరికీ లేదు. నేను ఎంత గారేజీ ఫిట్టర్నయినా, ఆయన పక్కన లేకుండా దాని నట్టొకటి తిప్పడానికి వీల్లేదు. తన చెవి మీద ఆయనకి అంత నమ్మకం. "గేరు గొంతు ఇని రోగం సెప్పెయ్యాల. ఇప్పదీసి సూసేవోడు మేస్త్రీ కాదు" అనేవాడు. చెప్పేవాడు కూడా. మా గారేజీకి వచ్చిన లారీ పక్కన నిలబడి, బానెట్ ఎత్తకుండానే ఏ బేరింగు పోయిందో చెప్పడం నేను కళ్ళారా చూశాను. నలుగురికీ చెప్పేటప్పుడు మాత్రం, లారీ ఇంకా ఘాట్‌శిలాలో ఉండగానే చెప్పేశాడని చెప్పేవాణ్ణి. అది వేరే సంగతి.

మా సంఘంలో ఇంకెవరికీ బండి లేదు. ఎవరైనా పోతే పెట్టెని జీపులో సమాధుల తోటకి చేర్చే పని బావదే. వెనక సీట్లు తీసేసి, తెల్ల దుప్పటి పరిచి, జీపుని మనిషి నడకతో సమానంగా నడిపించేవాడు. స్టీరింగు దగ్గర నుంచే కీర్తన ఎత్తుకునేవాడు. వెనక నడిచేవాళ్ళు అందుకునేవారు. మాస్టార్లు, రైల్వేవాళ్ళు, ఆస్పత్రి నర్సులు, అందరూ ఆయన శ్రుతి మీదే పాడేవారు. ఏళ్ళ తరబడి అదే వాడుక.

ఆ ఎండాకాలం జీపు ఏడవడం మొదలుపెట్టింది. సాన పట్టేవాడు కత్తిని రాయికి ఆనించి తీయడం మరిచిపోతే ఎలా ఉంటుందో అలాంటి శబ్దం. ఇంజను మోత మీద సన్నగా తేలేది. వేగం పెరిగితే పైకి ఎక్కేది, తగ్గితే దిగేది.

"బావా, గేర్‌బాక్స్ ఏడుత్తంది" అన్నాను.

"ఏడుపూ నేదు ఏటీ నేదు. మీ గారేజీలో లారీల మోత నీ బుర్రలో ఉండిపోయింది."

"నిజం బావా."

"నువ్వు నిజం అన్నావంటే మరనుమానం నేదు. ఏటీ నేదు."

జీపెక్కిన మిగతావాళ్ళని అడిగితే, జీపులు అలాగే అరుస్తాయి కదా అన్నారు. జీపు ఎలా అరవాలో బావకి తెలియాలి, బావే ఏమీ లేదంటుంటే మధ్యలో మనకెందుకని వాళ్ళ ఉద్దేశం.

వానలు పడకముందు బాగ్‌బేరాలో రిటైరైన రైల్వే గార్డు గారొకరు పోయారు. పెద్దవయసు, నిండు బతుకు. రైల్వే కాలనీ సగం కదిలి జీపు వెనక నడిచింది. బజారు గోలలో కీర్తన ఎందుకని బావ జుగ్సలాయి సందులు దాటేదాకా ఊరుకున్నాడు. పెద్ద రోడ్డు ఎక్కాక జీపుని చిన్న గేర్లోకి దించాడు. ఏడుపు ఒకే స్వరం మీద నిలబడిపోయింది, హార్మోనియం మెట్టు మీద ఎవరో వేలు పెట్టి ఉంచేసినట్టు.

బావ తన మామూలు శ్రుతిలో, కిందనుంచి, గంభీరంగా ఎత్తుకున్నాడు. వెనకవాళ్ళు అందుకున్నారు. అయితే బావ దగ్గర కాదు, గేర్‌బాక్స్ దగ్గర. వాళ్ళ తప్పేం లేదు. అంత నిలకడైన శ్రుతి ముందు నడుస్తుంటే గొంతు దాన్నే పట్టుకుంటుంది. గతుకు వచ్చి బావ కాలు తీస్తే ఏడుపు దిగేది, దాంతో సంఘం మొత్తం దిగేది. మళ్ళీ తొక్కితే అందరూ ఎక్కేవారు. గార్డు గారు లేచి కూర్చుని పచ్చజెండా ఊపుతారేమోనని నేను పెట్టె వైపు ఒకసారి చూశాను కూడా.

బావ జీపు ఆపి వెనక్కి తిరిగాడు.

"ఏటర్రా ఈ పాట? పెద్దాయన్ని సాగనంపుతన్నారా, గాలిపటం ఎగరేత్తన్నారా?"

పాస్టరు గారు దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "మీరే కొంచెం పైన ఎత్తుకోండి బాబూ. అందరూ అక్కడున్నారు" అన్నారు.

"నానిక్కడుండగా ఆళ్ళక్కడెందుకున్నారు?"

ఒక నర్సమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే బావ ముఖం చూశాను. ఆయన విసుక్కోవడం లేదు. నిజంగానే తెలియక, ఒక్కొక్కరి ముఖమూ వెతుకుతున్నాడు. జీపు మళ్ళీ కదిలింది, ఏడుపు మళ్ళీ లేచింది, బావ మళ్ళీ ఎక్కడో కిందనుంచి ఎత్తుకున్నాడు. నాకు నవ్వు పోయింది. ఆ శబ్దం ఆయన చెవిదాకా రావడం లేదు.

ఇంజను దడదడ వినబడుతుంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే మాట వినబడుతుంది. సన్నగా, పైన ఉండే శబ్దాలే పోయాయి. ఖలాసీ విజిలు కూడా అలాంటి శబ్దమే.

దీని గురించి కొంచెం చెప్పాలి. కార్ఖానాలో కింద నిలబడి సరుకుకి గొలుసులు కట్టేవాణ్ణి ఖలాసీ అంటారు. ఎత్తమనీ దించమనీ పక్కకి జరపమనీ చేత్తో సైగలు చేస్తాడు, గూట్లో ఉన్న క్రేన్ మనిషి ఆ చెయ్యి చూసి నడుపుతాడు. సైగ చూసే సందు లేని ప్రమాదం వస్తే విజిలు ఊదుతాడు. విజిలు విన్న మరుక్షణం క్రేన్ ఆగాలి. ఆ మధ్యే ఒక రేకుల కట్ట గొలుసులోంచి పక్కకి జారింది. క్రేన్ ఆగలేదు. కట్ట ఇద్దరు మనుషుల మధ్య నేలకి తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. విజిలు ఊదానని ఖలాసీ అన్నాడు. ఊదలేదని బావ అన్నాడు. రేకులు కోసే మోతలో మిగతావాళ్ళు విన్నామనీ చెప్పలేదు, వినలేదనీ చెప్పలేదు.

విజిలు ఊదని ఖలాసీని పనిలో ఉంచరు. చాయిబాసా వైపు నుంచి వచ్చిన ఆ మనిషిని అప్పటికే పని ఆపి గేటు బయట కూర్చోబెట్టారు. ఫోర్‌మన్ సోమవారం ఇద్దర్నీ పిలిచి చివరిసారి అడుగుతానన్నాడు. బావ మాటకి అక్కడ విలువ ఎక్కువ, ఎందుకంటే ఆయన అబద్ధం ఆడి ఎరగడు. "నా సెవులు నాకు తెలవ్వేటి? ఊదనేదు" అని అందరి ముందూ ఆ ఖలాసీని అబద్ధాలకోరు అన్నాడు. ఆయన నిజమే చెప్పాడు. ఆయనకి తెలిసినంత నిజం.

సమాధుల తోట నుంచి వచ్చాక అక్క వంటింట్లో ఎండు చేపలు వేయిస్తోంది. బావ వరండాలో కూర్చుని బూట్లు విప్పుతున్నాడు.

"అక్కా, బావకి..."

"తెల్సు."

"ఏటి తెల్సు? నానింకా సెప్పనేదు."

"సెప్పక్కర్నేదు. సల్లగా మాటాడు." అని వరండా వైపు చూసి, "గట్టిగా మాటాడినా పర్లేదులే. ఆయన యీపు ఇటుంది" అంది.

అక్క చేపలు తిరగేస్తూ చెప్పింది. పాలవాడి గంట ఆయనకి అందదట. తలుపు గొళ్ళెం చప్పుడు అందదట. అందుకని ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ గుమ్మం కనబడేచోటే కూర్చుంటుందట. ఎవరైనా వస్తే ముందు తను లేస్తుంది, ఆమె లేవడం చూసి ఆయన లేస్తాడు.

"ఎవులితోనూ అనకు. క్రేన్ దించేత్తే ఇల్లు కాళీ సెయ్యమంతారు. ఇల్లు పోతే పోనీరా, ఆ గూట్లోంచి దిగితే ఆ మనిసి ఏటైపోతాడో."

"మరా ఖలాసీ?"

అక్క పెనం దించింది. మూత పెట్టింది. "ఆడికీ పెళ్ళాం ఉంది" అంది.

నేనే వెళ్ళి బావతో చెప్పేద్దామంటే, చెప్పేది నేను. బర్మా నుంచి జీపుని నడిపించినవాణ్ణి. నీ చెవులు పోయాయి బావా అంటే, ఇది బాగుందిరా, ఇంకోటి చెప్పు అంటాడు. ఫోర్‌మన్‌తో చెప్దామంటే నేను కార్ఖానా మనిషిని కాను. బావ నా మాట నమ్మడు, జీపు మాట నమ్ముతాడు. కాబట్టి ఏదైనా జీపే చెప్పాలి. శనివారం ఆయనకి సెలవుండేలా షిఫ్టు పడింది. నేనూ గారేజీలో అడిగి వచ్చేశాను.

"పాస్టరు గారు బాధపడ్డారు బావా. ఓసారి పరీక్ష సేసి సూద్దాం."

"ఆయన కోసం వత్తన్నా. నీ కోసం కాదు. పద."

ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టి నేను నడిపాను. గేరు ఏడుపు ఎక్కడిదో పట్టడానికి ఒక పద్ధతుంది. జీపుకి గేర్‌బాక్స్ వెనకాలే ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బలం పంచేది అదే. మూడో గేర్లో పెద్ద పెట్టె బలాన్ని తిన్నగా వెనక్కి వదిలేస్తుంది, దాని పళ్ళచక్రాల మీద బరువు పడదు. చిన్న పెట్టెలో మాత్రం ఏ గేర్లోనైనా బలం చక్రం నుంచి చక్రానికి మారే పోవాలి. కాబట్టి ఒకటిలో, రెండులో ఏడ్చి మూడులో ఊరుకుంటే రోగం పెద్ద పెట్టెది. మూడులోనూ ఏడిస్తే ఇంకా వెనక్కి వెతకాలి.

ఒకటో గేర్లో ఏడ్చింది. రెండులో ఏడ్చింది. మూడులో ఇంకా బాగా ఏడ్చింది.

"సర్లే, కొద్దిగా ఉన్నట్టే ఉంది" అన్నాడు బావ. నా గుండె తేలికపడింది. వింటున్నాడన్నమాట.

సువర్ణరేఖ నది వైపు దిగే వాలులో క్లచ్చి తొక్కి, గేరు తీసేసి వదిలేశాను. జీపు దొర్లుతోంది, ఏడుపు లేదు. వెనక ఇరుసుదైతే దొర్లుతున్నా ఏడవాలి. అంటే ఇరుసు మంచిదే.

"ఇప్పుడు నేదు" అన్నాడు బావ, నేనడక్కుండానే.

గేరు వేశాను. ఏడుపు లేచింది. "ఇదిగో, ఒచ్చింది" అన్నాడు. నేనే పొరపాటు పడ్డానా అనుకున్నాను. గార్డు గారి రోజున బావ ధ్యాస ఎక్కడో ఉండి ఉంటుంది, అక్కకి ఊరికే భయం, అని సంతోషపడుతూ పక్కకి చూశాను. బావ రోడ్డుని చూడటం లేదు, గేర్లని చూడటం లేదు. నా ముఖం చూస్తున్నాడు.

అబద్ధం చెప్పడానికి ముఖం ఎలా పెట్టాలో నాకంటే తెలిసినవాడు సిద్ధగోరాలో లేడు. ఇంకోసారి మూడో గేర్లో జీపుని బాగా తొక్కాను. చెవులు చిల్లులు పడేలా ఏడుస్తోంది. నా ముఖాన్ని మాత్రం, కాలవ గట్టున కూర్చుని గాలి పీలుస్తున్నవాడిలా పెట్టాను. కనుబొమలు దించాను. పెదాలు వదులు చేశాను.

"ఆగిపోయింది" అన్నాడు బావ.

జీపు గొంతెత్తి ఏడుస్తూనే ఉంది. ఆయన తృప్తిగా ముందుకి తిరిగి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజుదాకా నా ముఖం చాలామందిని నవ్వించింది. దాన్ని అద్దంలో చూసుకోవాలని ఆ క్షణంలో అనిపించలేదు.

ఇంటికి తెచ్చి వాకిట్లో నిలబెట్టాం. ముందు చక్రాలకి పోయే రాడ్డు విప్పి సందు చివరదాకా నడిపి చూశాను, తేడా లేదు. అక్కడితో ముందు వైపు మీద అనుమానం కొట్టేసినట్టే. తర్వాత జీపుని కదలనివ్వకుండా, చిన్న పెట్టె మీట మధ్యలో పెట్టి, ఇంజను నడుస్తుండగా పెద్ద పెట్టెని మూడో గేర్లో ఉంచాను. చక్రాలు తిరగవు, ఇరుసులు తిరగవు. అయినా ఏడుపు సన్నగా ఉంది.

బావ నా పనిని చూస్తూ చూస్తూ ఇక ఆగలేకపోయాడు. సుత్తి పిడి ఒకటి ఊడదీసుకుని జీపు కింద దూరాడు. క్రేన్ మీద వాళ్ళు బేరింగు చూసే పద్ధతది. కర్ర ఒక కొస ఇనప పెట్టెకి ఆనిస్తారు, రెండో కొస పళ్ళ మధ్య పట్టుకుంటారు. లోపలి అరుగుడు పళ్ళకి తెలుస్తుంది. నేను పక్కనే పడుకుని చూస్తున్నాను. పెద్ద పెట్టె మీద నాలుగుచోట్ల ఆనించాడు, తల అడ్డంగా ఊపాడు. వెనక చిన్న పెట్టెకి ఆనించాడు, కిందికి జరిపాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. నా ముఖం అక్కర్లేదిప్పుడు.

"ఇక్కడ!" కర్ర నోట్లో ఉండగానే అరిచాడు. "మజ్జి సెక్రం! పళ్ళు జివ్వుమంటన్నాయి సూడు!"

నేనూ కర్ర పట్టి చూశాను. ఆయన చెప్పింది చెప్పినట్టుంది. "నాను సెప్పనేదేటి" అని బావ నవ్వాడు. ఆయన ముందు చెప్పింది వేరు, కానీ నేను గుర్తుచెయ్యలేదు. ఆయన మళ్ళీ కర్ర తీసుకుని పళ్ళతో పట్టాడు. తర్వాత కర్ర కొస చెవికి పెట్టుకున్నాడు. మళ్ళీ పళ్ళకి. మళ్ళీ చెవికి, ఈసారి రెండో చెవికి. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది గానీ దాన్ని మరిచిపోయినట్టున్నాడు. కర్ర కింద పెట్టేసి, తల తిప్పి, చెవిని తిన్నగా ఇనప పెట్టెకే ఆనించబోయాడు.

"కాల్తాది బావా" అని నేను లేచి ఇంజను ఆపేశాను.

చిన్న పెట్టె కింద ఒక మూత ఉంటుంది. ముందు నూనె దించాం. దిగుతున్న నూనె మామూలుగా లేదు. నల్లటి నూనెలో పసుపురంగు బంక తీగలు తీగలుగా సాగుతూ వచ్చింది. మూత విప్పి మధ్య చక్రాన్ని చేత్తో ఊపితే, బిగువుగా ఉండాల్సింది వదులు పంటిలా ఊగింది. దాని కడ్డీ అరిగిపోయి గాడి పడింది. నూనె పోయే సన్నటి దారి ఆ బంకతో పూడుకుపోయింది.

బావ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆవుదం" అన్నాడు.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఇందులో ఆవుదం ఎవులోసినారు?" బావ అడిగాడు, నన్ను చూస్తూ.

"నా కేసి సూడకు బావా. నా మీద ఒట్టు."

"నానే పోసేను" అంది అక్క. ఆయనకి అందలేదని చూసి, వాకిట్లోకి దిగి, ఎదురుగా వచ్చి నిలబడి మళ్ళీ చెప్పింది. "నానే. మీరు డూటీకి ఎల్లినాక. మీరు పోసేటప్పుడు సూసేను గదా. ఆ నూనె పోసే మూత ఇప్పి, గరాటాకి రబ్బరు గొట్టం ఎట్టి పోసేను. మా అమ్మ ఊర్నించి పంపిన సీసా."

"ఎందుకే?"

"ఏడుత్తంది గదేటి."

"ఏది?"

"జీపు."

మా ఊళ్ళవైపు బండి ఇరుసు కిర్రుమంటే ఆముదం పోస్తారు. పసిబిడ్డ పొట్ట పట్టుకుని ఏడ్చినా ఆముదమే. అక్కకి తెలిసిన మందు అదే. ఆ పెట్టెలో ఉండే నూనెతో ఆముదం కలవదని, వేడికి బంక కట్టి ఉన్న దారి కూడా మూసేస్తుందని ఆమెకి ఎవరు చెప్తారు? అరుగుతున్న కడ్డీని ఆ సీసా ఇంకా తొందరగా తినేసింది.

"ఎన్నాళ్ళనించి ఏడుత్తంది?" బావ గొంతు మారిపోయింది.

అక్క నా వైపు చూసింది.

"నీకు ఇనబడతందా?" అని నన్నడిగాడు. తలూపాను. "పాస్టరు గారికి?" తలూపాను. "ఆ పాడినోళ్ళందరికీ?"

"పక్కింటి ఒడియా ఆవిడక్కూడా ఇనబడతంది" అంది అక్క. అప్పుడే ఆమె ఏడ్చింది. "అందరికీ ఇనబడతంటే మీకొక్కరికీ ఇనబడనేదని పదిమందీ అనుకోరా? దాని నోరు మూసేత్తే సాలనుకున్నాను. మూత్తే ఎవులికీ తెలీదనుకున్నాను."

బావ వాకిట్లో బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. చేతులకి ఉన్న బంకని గుడ్డతో తుడుచుకుంటున్నాడు. తుడిచినచోటే మళ్ళీ తుడుస్తున్నాడు. పక్కింటివాళ్ళ గోడ మీంచి ఎవరో తొంగిచూసి తల దించేసుకున్నారు.

"అయితే ఆడు విజిలు ఊదినాడు" అన్నాడు చివరికి.

అక్క కళ్ళు తుడుచుకుని ఆయన వైపు చూసింది.

"ఆడు ఊదినాడు. నా ముందు నిలబడి సీటీ బజాయా, బజాయా అని ఏడిసినాడు. నాను అబద్ధాలకోరన్నాను."

"ఇల్లు..." అంది అక్క.

ఆమె నోరు చూసి ఆయనకి అర్థమైంది. "ఇల్లు కోసం ఆడి నోరూ మూసేత్తామేటే, నువ్వు జీపు నోరు మూసినట్టు?" అన్నాడు. కోపంగా కాదు. అలసిపోయిన మనిషి అన్నట్టు.

ఆదివారం ఆయన గుడికి రాలేదు. అక్క వచ్చింది. సోమవారం జీపు వాకిట్లో పొట్ట విప్పుకుని పడుంది గనుక బావని నేను సైకిలు మీద ఎక్కించుకుని కార్ఖానాకి తీసుకెళ్ళాను. గేటు దగ్గర ఖలాసీ కూర్చుని ఉన్నాడు. బావని చూసి లేవలేదు. బావ అతని పక్కనించే లోపలికి నడిచి వెళ్ళాడు. కాసేపటికి లోపల్నుంచి ఎవరో వచ్చి ఖలాసీని పిలిచారు.

లోపల జరిగింది నేను చూడలేదు. బావ చెప్పిందీ, టీ కొట్టు దగ్గర మిగతావాళ్ళు చెప్పిందీ కలిపి చెప్తున్నాను. బావ ఫోర్‌మన్ గదిలో సంగతంతా చెప్పేశాడట. ఫోర్‌మన్ సరేనని ఖలాసీని పనిలోకి పొమ్మన్నాడట. అతను కదల్లేదట. నన్ను అబద్ధాలకోరన్నది ఈ గదిలో కాదు, పని జరిగే షెడ్డు మధ్యలో, అందరి ముందూ అన్నాడు, అక్కడే చెప్పాలి అన్నాడట. ఫోర్‌మన్ అక్కర్లేదనబోతే బావే ముందు లేచి బయటికి నడిచాడట.

కోత యంత్రాలు ఆపించారు. బావ తన క్రేన్ కింద, నేల మీద నిలబడ్డాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకి తెలియకుండా పోయి చాలాకాలమైంది. యంత్రాలు ఆగిపోయాయన్న సంగతీ పట్టించుకోలేదు. మోత మీద వినబడాలన్నట్టు అరిచి చెప్పాడు, తన వచ్చీరాని హిందీలో. వీడు సీటీ ఊదాడు. నేను వినలేదు. నాకు సీటీ వినబడదు. తప్పు నా చెవిది, వీడిది కాదు. ఆ కేక గేటు దాటి, రోడ్డు దాటి, టీ కొట్టులో ఉన్న నాకు వినబడింది. ఇది నిజం. కొట్టువాడు గ్లాసు కడుగుతూ తలెత్తి చూశాడు.

బావ బయటికి వచ్చేసరికి ఎండ ముదిరింది. నేను ఎదురెళ్ళి, ఎదురుగా నిలబడి అడిగాను.

"ఏటయ్యింది బావా?"

"దింపేరు. సామాన్ల గదిలో ఏత్తారట. ఇంటి సంగతి తరవాత సూత్తారట."

"ఖలాసీ?"

"నా కేసి సూడనేదు. నానింకా సెప్తానే ఉన్నాను, ఆడు విజిలు మెళ్ళో ఏసుకుని పనిలోకి ఎలిపోనాడు." మెడ మీది చెమట తుడుచుకుని, "అంతే గదా మరి. పని మీద ఉన్నోడు" అన్నాడు.

నేను సైకిలు తిప్పాను. బావ ఎక్కలేదు. అక్కతో ఏమని చెప్పాలో కుదుర్చుకోవాలి, నడుస్తానన్నాడు. సిద్ధగోరా దూరమే. నేను ఆయనకి కుడిపక్కన, బళ్ళు వచ్చే వైపు, సైకిలు తోసుకుంటూ నడిచాను.